తుఫాను వ్యాసంలో ఆల్, సమ్, మెనీ, ఫ్యూ: పిల్లలు భూతకాలంలో ఎక్కడ తడబడుతున్నారు?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. ఎనిమిది నుంచి పది వరకు చదివే పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆ పైన ఇంగ్లీషు. నా దగ్గరకు వచ్చేవారిలో సవర పిల్లలు కూడా ఉన్నారు, వాళ్ళకు ఇది నాలుగో భాష. 2018 అక్టోబరులో మన ప్రాంతాన్ని అతలాకుతలం చేసిన తిత్లీ తుఫాను గురించి ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకుని, ఇంగ్లీషులో ఒక పేరా రాసుకు రమ్మన్నాను. విషయం చక్కగా సేకరించారు. భాష దగ్గర మాత్రం దాదాపు అందరూ ఒకే చోట్ల ఆగిపోయారు. వాళ్ళు రాసినవి రాసినట్టే పెడుతున్నాను.

“ఆల్ ద వాటర్ వర్ డర్టీ.”
“సమ్ ఇన్ ద పీపుల్ వెంట్ టు ద స్కూల్.”
“ఆల్ హౌసెస్ డిడ్ నాట్ ఫెల్.”
“కరెంట్ వాజ్ నాట్ దేర్ సిన్స్ మెనీ డేస్.”

ఎర్ర సిరాతో దిద్ది ఇవ్వడం తేలికే. కానీ మర్నాడు మళ్ళీ అవే రాస్తారు. ఎందుకు తప్పో పిల్లలకు అర్థమయ్యేలా తెలుగులో ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

బరంపురం మాస్టారు

అమ్మా, మంచి పని చేశావు, వాక్యాలను దిద్దకుండా పెట్టావు. మొదటిది చూద్దాం. ఆ పిల్ల తెలుగులో సరిగ్గానే ఆలోచించింది. “నీళ్ళన్నీ మురికిగా ఉన్నాయి” అంటాం. మనకు నీళ్ళు బహువచనం, పాలు బహువచనం. ఆ “ఉన్నాయి” నేరుగా “వర్” అయి కూర్చుంది. ఇంగ్లీషులో వాటర్ ఎంత ఉన్నా ఏకవచనమే, కాబట్టి “ఆల్ ద వాటర్ వాజ్ డర్టీ”.

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఇంగ్లీషు భూతకాల క్రియకు వచనం పట్టదు. ఒక చెట్టు పడినా ఫెల్, వంద చెట్లు పడినా ఫెల్. కేమ్, వెంట్, లాస్ట్, హాడ్ అన్నీ అంతే. ఒక్క “బీ” క్రియ మాత్రమే వాజ్, వర్ అని రెండుగా చీలుతుంది. కాబట్టి పిల్లవాడికి పరిమాణం చెప్పే మాటకూ క్రియకూ ఉన్న సంబంధం తెలిసిందో లేదో భూతకాలంలో బయటపడేది అక్కడే. తుఫాను వార్తల్లో “డ్యామేజ్డ్”, “ఫ్లడెడ్”, “వాష్డ్ అవే” లాంటి కర్మణి ప్రయోగాలు ఎక్కువ, వాటన్నిటికీ ముందు వాజో వరో కావాలి. ఈ వ్యాసంలో ఇన్ని తప్పులు ఒకేసారి కనిపించడానికి అదీ ఒక కారణం.

ఆల్, సమ్, మోస్ట్, హాఫ్, ఎ లాట్, ప్లెంటీ, వీటికి సొంత వచనం లేదు. “ఆఫ్” తర్వాత వచ్చే నామవాచకాన్ని చూడాలి. “మోస్ట్ ఆఫ్ ద రైస్ వాజ్ వెట్”, “మోస్ట్ ఆఫ్ ద బ్యాగ్స్ వర్ వెట్”. తడిసింది అదే బియ్యం, బస్తాల లెక్కన చెప్పేసరికి క్రియ మారింది. ఈ రెండు వాక్యాలనూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాయి.

వంశధార, గుణుపురం

మాస్టారూ, నేను డిగ్రీ చివరి సంవత్సరం, రైల్వే, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. అక్కడ తప్పు పట్టమని ఇచ్చే ప్రశ్నల్లో ఇది తప్పకుండా ఉంటుంది. నేనైతే ఇలా గుర్తుపెట్టుకున్నాను: ఈచ్, ఎవ్రీ, వన్ ఆఫ్, ఈదర్, నైదర్ వస్తే వాజ్. మెనీ, ఫ్యూ, సెవరల్, బోత్ వస్తే వర్. “ఎ నంబర్ ఆఫ్” వస్తే వర్, “ద నంబర్ ఆఫ్” వస్తే వాజ్. “మెనీ ఎ ట్రీ” అని ఉంటే వాజ్. పట్టిక కంఠతా వస్తే చాలదా అక్కా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

నీ పరీక్షకు చాలు తమ్ముడూ. నా పిల్లలు నాలుగు ఐచ్ఛికాల్లోంచి ఒకటి ఎంచుకోవడం లేదు, సొంతంగా వాక్యం కడుతున్నారు. కట్టేటప్పుడు పట్టిక గుర్తురాదు, ఇంటి మాటే గుర్తుకొస్తుంది.

బరంపురం మాస్టారు

“మెనీ ఎ ట్రీ” పాతకాలపు రచనల్లో, పోటీపరీక్షల పుస్తకాల్లో తప్ప ఇప్పుడు పెద్దగా కనిపించదు. ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర ఎత్తవద్దు. “ఎ నంబర్ ఆఫ్”, “ద నంబర్ ఆఫ్” తేడా మాత్రం విలువైనది. “ఎ నంబర్ ఆఫ్ బోట్స్ వర్ లాస్ట్” అంటే పోయినవి పడవలు. “ద నంబర్ ఆఫ్ బోట్స్ వాజ్ స్మాల్” అంటే తక్కువగా ఉన్నది సంఖ్య. క్రియ దేని గురించి చెబుతోందో అడిగితే పట్టిక అవసరం రాదు.

ప్రాణహిత, సిరొంచ

గడ్చిరోలి జిల్లా నుంచి రాస్తున్నాను. మా దగ్గర పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మెనీ, మచ్ విషయంలో తెలుగు పిల్లలకు పుట్టుకతో వచ్చిన వరం ఉందని నా నమ్మకం. మరాఠీలో “కితీ” అన్న ఒక్క మాటే ఎన్నిటికీ ఎంతకూ సరిపోతుంది. మనకు ఎన్ని వేరు, ఎంత వేరు. మనుషులైతే ఎందరు లేదా ఎంతమంది. మా అబ్బాయికి నేను చెప్పే పద్ధతి ఇది: తెలుగులో “ఎన్ని” లేదా “ఎంతమంది” అని అడగగలిగితే మెనీ, ఫ్యూ. “ఎంత” అని అడిగితే మచ్, లిటిల్. ఎన్ని ఇళ్ళు, హౌ మెనీ హౌసెస్. ఎంత నష్టం, హౌ మచ్ డ్యామేజ్. మరాఠీ బడికి వెళ్ళినా ఈ తేడా వాడికి ఇంట్లోనే దొరికింది. ఇంట్లో తెలుగు వదిలేయవద్దని మా వాళ్ళందరికీ చెబుతుంటాను.

నాగావళి, రాయగడ

అన్నయ్యా, పద్ధతి బాగుంది, కానీ మహేంద్రతనయ గారు పెట్టిన మొదటి వాక్యం దగ్గరే అది దారి తప్పిస్తుంది. మన ఇళ్ళలో “ఎన్ని నీళ్ళు పోయమంటావు”, “కొన్ని పాలు ఉంచు” అంటాం. ఎన్ని అన్నాం కాబట్టి మెనీ వాటర్, ఫ్యూ మిల్క్ అనకూడదు కదా. ఇంకో గుంపు ఉంది. సామాన్లు, సలహాలు, వార్తలు తెలుగులో హాయిగా లెక్కపెడతాం. ఇంగ్లీషులో లగేజ్, అడ్వైస్, న్యూస్ లెక్కకు లొంగవు. న్యూస్ చివర ఎస్ ఉన్నా ఏకవచనమే. “మచ్ ఆఫ్ ద లగేజ్ వాజ్ వెట్”, “సమ్ ఆఫ్ ద న్యూస్ వాజ్ ఫాల్స్”. మీ పద్ధతి పెట్టుకుని, నీళ్ళు, పాలు, సామాన్లు, సలహాలు, వార్తలు అనే ఈ చిన్న జాబితాను విడిగా నేర్పితే సరిపోతుంది.

మరొక మాట. సాదా వాక్యంలో “మచ్ రెయిన్ ఫెల్” అని రాయించకండి. తప్పు కాదు కానీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. “ఎ లాట్ ఆఫ్ రెయిన్ ఫెల్” సహజం. మచ్ ఎక్కువగా ప్రశ్నల్లో, వ్యతిరేక వాక్యాల్లో నప్పుతుంది.

ప్రాణహిత, సిరొంచ

నీళ్ళు, పాలు గురించి చెప్పినది నిజం. ఆ జాబితాను గోడకు అంటిస్తాను.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

రెండో వాక్యానికి వద్దాం. “సమ్ ఇన్ ద పీపుల్.” ఇది ఒకరిద్దరి తప్పు కాదు, అందరూ ఇలాగే రాశారు.

బరంపురం మాస్టారు

ఎందుకంటే మన “లో” రెండు పనులు చేస్తుంది. ఈ వాక్యం చూడు: “మా వీధిలో ఇళ్ళలో చాలా పడిపోయాయి.” మొదటి “లో” చోటు చెబుతోంది, ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు. రెండో “లో” మొత్తంలోంచి భాగాన్ని విడదీస్తోంది, వేటిలో అన్న ప్రశ్నకు జవాబు. ఇంగ్లీషు ఈ రెండు పనులకూ రెండు మాటలు పెట్టుకుంది. చోటుకు ఇన్, భాగానికి ఆఫ్. “మెనీ ఆఫ్ ద హౌసెస్ ఇన్ అవర్ స్ట్రీట్ ఫెల్.” పిల్లలచేత ముందు తెలుగు వాక్యం రాయించి, ఒక్కో “లో” కింద గీత గీయించి, ఇది ఎక్కడా, వేటిలోనా అని అడుగు. వేటిలో అయితే ఆఫ్. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ ఒక్క గీత చాలామంది పిల్లలను గట్టెక్కించింది.

ఇక ఆఫ్ ఎప్పుడు వద్దో కూడా చెప్పాలి. తెలిసిన గుంపులోంచి తీసినప్పుడే ఆఫ్ వస్తుంది, అప్పుడు ద, దీజ్, మై, అవర్ లాంటి మాట తోడుండాలి. సర్వనామం ముందూ ఆఫ్ తప్పనిసరి: మెనీ ఆఫ్ దెమ్, సమ్ ఆఫ్ అస్. తెలిసిన గుంపు లేనప్పుడు “మోస్ట్ షాప్స్ వర్ క్లోజ్డ్” అని ఊరుకోవాలి. “మోస్ట్ ఆఫ్ షాప్స్” రెండు పడవల మీద కాళ్ళు. ఆల్, బోత్, హాఫ్ మాత్రం “ద” ముందు ఆఫ్ ఉన్నా లేకపోయినా నడుస్తాయి: ఆల్ ద ట్రీస్, ఆల్ ఆఫ్ ద ట్రీస్. ఎవ్రీ మాత్రం ఆఫ్‌ను నేరుగా తీసుకోదు, “ఎవ్రీ వన్ ఆఫ్ ద ట్రీస్” అనాలి.

పర్లాకిమిడి అన్నావు కాబట్టి ఒక మాట. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ ఊళ్ళోనే రాజావారి బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. సవరలు నోటితో మాట్లాడే తీరునే ఆయన వ్యాకరణానికి ఆధారం చేసుకున్నారు. నీ తరగతిలోని సవర పిల్లలను కూడా అడుగు తల్లీ, “ఇళ్ళలో కొన్ని” అని వాళ్ళ భాషలో ఎలా అంటారో. వాళ్ళ జవాబులోంచి నీకు వేరే మెట్టు దొరకవచ్చు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

తప్పకుండా అడుగుతాను మాస్టారూ. ఇంతవరకు వాళ్ళకు కూడా తెలుగులోంచే చెబుతూ వచ్చాను.

జయపురం పాఠకుడు

మూడో వాక్యం నన్ను ఆపేసింది. “ఆల్ హౌసెస్ డిడ్ నాట్ ఫెల్.” డిడ్ తర్వాత ఫాల్ రావాలి, అది అందరికీ తెలిసిన సంగతే. భూతకాలాన్ని డిడ్ ఒకసారి మోసింది, క్రియ మళ్ళీ మోయదు. కానీ ఫాల్ అని దిద్దినంత మాత్రాన సరిపోతుందా? చదివినవారికి ఒక్క ఇల్లూ పడలేదని కూడా అర్థం కావచ్చు. ఆ పిల్లవాడి ఉద్దేశం ఏమిటి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అడిగాను. “అన్ని ఇళ్ళూ పడలేదు టీచర్, కొన్ని పడ్డాయి, కొన్ని నిలబడ్డాయి” అన్నాడు.

నాగావళి, రాయగడ

అయితే వ్యతిరేకాన్ని ముందుకు తేవాలి: “నాట్ ఆల్ ద హౌసెస్ ఫెల్.” ఇక్కడ ఒక అందం ఉంది. నాట్ ముందుకు వెళ్ళగానే డిడ్ అవసరం లేకుండా పోయింది, భూతకాలం తిరిగి ఫెల్‌లోకి వచ్చింది. ఒక్కటీ పడకపోతే “నన్ ఆఫ్ ద హౌసెస్ ఫెల్”. అందులోనూ డిడ్ లేదు.

తెలుగులో “ఎవరూ రాలేదు” అంటాం. “ఎవరూ” అన్నాక “లేదు” ఉండి తీరాలి. ఆ అలవాటుతో పిల్లలు “నోబడీ డిడ్ నాట్ కేమ్” అని రాస్తారు. ఇంగ్లీషులో నోబడీ, నన్, నో, నైదర్ తమలోనే వ్యతిరేకాన్ని దాచుకున్నాయి. క్రియను మళ్ళీ వ్యతిరేకం చేస్తే రెండుసార్లు కాదన్నట్టు. “నోబడీ కేమ్” చాలు. డిడ్ నాట్ వాడాలనుకుంటే దాని వెనక ఎనీ రావాలి: “వి డిడ్ నాట్ గెట్ ఎనీ న్యూస్.” నో, ఎనీ ఈ రెంటినీ జంటగా నేర్పండి. ఒకటి వస్తే డిడ్ నాట్ పోతుంది, రెండోది వస్తే డిడ్ నాట్ ఉంటుంది.

“ఇద్దరూ రాలేదు” కూడా ఇదే దారి. “బోత్ డిడ్ నాట్ కమ్” అని రాస్తారు. “నైదర్ ఆఫ్ దెమ్ కేమ్” రాయించండి.

వంశధార, గుణుపురం

నన్ ఆఫ్ ద షాప్స్ తర్వాత వాజా, వరా? మా శిక్షణ పుస్తకంలో వాజ్ మాత్రమే సరి అని ఉంది. నన్ అంటే నాట్ వన్ కాబట్టి ఏకవచనమట.

నాగావళి, రాయగడ

మంచి ఇంగ్లీషు పత్రికల్లో “నన్ ఆఫ్ ద షాప్స్ వర్ ఓపెన్” ధారాళంగా కనిపిస్తుంది. నేను వరే రాస్తాను, పిల్లలకూ అదే చెబుతాను.

బరంపురం మాస్టారు

లెక్కించదగిన నామవాచకం ఉన్నప్పుడు రెండూ ఒప్పే. వర్ వాడుక ఎంతో కాలంగా ఉంది. నేను మాత్రం పరీక్ష రాసే పిల్లవాడికి వాజ్ అనే చెబుతాను, దిద్దేవారు ఏ పుస్తకం చదివి కూర్చున్నారో మనకు తెలియదు కాబట్టి. లెక్కకు లొంగనిదైతే పేచీయే లేదు: “నన్ ఆఫ్ ద ప్యాడీ వాజ్ సేవ్డ్.”

నాగావళి, రాయగడ

దిద్దేవారి భయంతో సరైన వాడుకను దాచడం నాకు ఒప్పుదల కాదు మాస్టారూ. రెండూ ఒప్పని పిల్లలకు చెప్పి, పరీక్షలో ఏది రాయాలో వాళ్ళ నిర్ణయానికి వదిలేద్దాం.

మల్కనగిరి అమ్మ

నేను టీచర్ని కాను, మా అమ్మాయి కోసం ఇదంతా చదువుతున్నాను. ఫ్యూ, ఎ ఫ్యూ తేడా ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి “ఫ్యూ షాప్స్ వర్ ఓపెన్, సో వి గాట్ ఎవ్రీథింగ్” అని రాస్తే టీచరు కొట్టేశారట. దుకాణాలు కొన్ని తెరిచే ఉన్నాయి కదా, తప్పేమిటని అది నన్ను అడుగుతోంది.

ప్రాణహిత, సిరొంచ

అమ్మా, దీనికి జవాబు మన “ఏ”లో ఉంది. “కొన్ని దుకాణాలు తెరిచి ఉన్నాయి” అంటే ఎ ఫ్యూ. “కొన్ని దుకాణాలే తెరిచి ఉన్నాయి” అంటే ఫ్యూ. ఆ దీర్ఘం పడగానే లోటు వినిపిస్తుంది కదా. కొంచెం బియ్యం ఉంది, ఎ లిటిల్. కొంచెమే ఉంది, లిటిల్. మీ అమ్మాయి రాసిన వాక్యంలో మొదటి సగం “కొన్నే ఉన్నాయి” అంటోంది, రెండో సగం “అన్నీ దొరికాయి” అంటోంది. రెంటికీ పొసగలేదు. ముందు “ఎ” పెడితే వాక్యం నిలబడుతుంది.

మల్కనగిరి అమ్మ

అర్థమైంది. “కొన్నే”, “కొన్ని” అని రెండుసార్లు పైకి చదివించాను. తనే “ఎ” పెట్టుకుంది.

జయపురం పాఠకుడు

నాలుగో వాక్యం మిగిలింది. “సిన్స్ మెనీ డేస్.” చదువుకున్న పెద్దవాళ్ళు కూడా ఉత్తరాల్లో ఇలాగే రాస్తారు. “చాలా రోజుల నుంచి” అన్నదానిలోని “నుంచి” సిన్స్ అయిపోతోంది. సిన్స్‌కు మొదలైన క్షణం కావాలి: సిన్స్ థర్స్‌డే, సిన్స్ ద సైక్లోన్. మెనీ, సెవరల్, ఎ ఫ్యూ లాంటివి పక్కన చేరితే అది మొదలు కాదు, పొడవు. పొడవుకు ఫర్.

ఇక క్రియ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11, గురువారం. ఆ చీకటి రోజులు గడిచిపోయాయి కాబట్టి సాదా భూతకాలం: “వి హాడ్ నో పవర్ ఫర్ మెనీ డేస్.” ఇంకా కరెంటు రాలేదని చెప్పాలంటే “వి హావ్ హాడ్ నో పవర్ ఫర్ మెనీ డేస్”. ఒకే “ఫర్ మెనీ డేస్” రెండు చోట్లా ఉంది, క్రియను బట్టి కష్టం తీరిందో లేదో తెలుస్తుంది. తుఫాను వ్యాసంలో ఇది చిన్న తేడా కాదు.

నాగావళి, రాయగడ

ప్రిపొజిషన్ అసలు వద్దనే చోట్లు కూడా చెప్పండి. ఎవ్రీ, ఈచ్, ఆల్ కాలం ముందు వస్తే ఆన్, ఇన్ సాధారణంగా రావు. “ద ట్యాంకర్ కేమ్ ఎవ్రీ డే”, “ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్”. పిల్లలు “ఆన్ ఎవ్రీ డే” అంటారు. “ఎ ఫ్యూ ఇయర్స్ అగో” ముందు కూడా బిఫోర్ పెడతారు, తీసేయించండి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మీరంతా చెప్పినట్టే నిన్న తరగతి నడిపాను. ముందు తెలుగు వాక్యం, “లో” కింద గీత, ఆ తర్వాతే ఇంగ్లీషు. పిల్లలు బోర్డు మీద కట్టిన పేరా ఇది.

“ఎ లాట్ ఆఫ్ రెయిన్ ఫెల్. మెనీ ఆఫ్ ద ట్రీస్ ఇన్ అవర్ స్ట్రీట్ ఫెల్. నాట్ ఆల్ ద హౌసెస్ ఫెల్. సమ్ ఆఫ్ ద పీపుల్ వెంట్ టు ద స్కూల్. ఆల్ ద వాటర్ వాజ్ డర్టీ. వి హాడ్ నో పవర్ ఫర్ మెనీ డేస్. వన్ ఆఫ్ ద ట్రీ వాజ్ వెరీ ఓల్డ్.”

చివరి వాక్యం దగ్గర మళ్ళీ ఆగాను. “చెట్లలో ఒకటి” అని తెలుగులో సరిగ్గానే రాసిన పిల్లవాడు ఇంగ్లీషుకు వచ్చేసరికి “ట్రీ” అన్నాడు. బోర్డు మీద అలాగే ఉంచాను.

జయపురం పాఠకుడు

ఆ పిల్లవాడు బడిలో ఒడియా బాగా చదువుతాడా? ఒడియాలో సంఖ్య తర్వాత నామవాచకానికి బహువచన ప్రత్యయం అక్కరలేదు. రెండు పుస్తకాలను “దుఇటా బహి” అంటారు, బహి మారదు, సంఖ్యకు అంటుకున్న “టా”యే లెక్క చూసుకుంటుంది. అలా రాసే పిల్లలు “టూ హౌస్”, “మెనీ ట్రీ” కూడా రాస్తుంటే కారణం అదే కావచ్చు. తన తెలుగు వాక్యంలోనే “చెట్లలో” ఉంది కదా, “చెట్టులో” అని రాయలేదు. ఆ “చెట్ల” కింద కూడా ఒక గీత గీయించండి. వన్ ఆఫ్ ద ట్రీస్ వాజ్ వెరీ ఓల్డ్. నామవాచకం బహువచనం, క్రియ ఏకవచనం.

వంశధార, గుణుపురం

అక్కా, ఆ పేరాను మా తమ్ముడి చేత రాయిస్తాను. వాడూ ఒడియా మాధ్యమమే. ఏమి రాశాడో రేపు ఇక్కడే పెడతాను.